అహర్గణంలో తప్పిపోయిన ఏడు రోజులు

మొన్న సాయంత్రం కొబ్బరితోట మీద సన్నని చంద్రుణ్ణి చూసి, ఈవేళ తిథి ఏమిటని కోడలు అడిగితే, మా అబ్బాయి అచ్చు పంచాంగం తిరగేసి చవితి అని చెప్పేశాడు. నాకు మాత్రం ఇంత వయసు వచ్చినా తిథి కంటే ముందు ఏడుతో భాగహారమే మనసులో మెదిలింది. సిద్ధాంతుల ఇళ్ళలో పెరిగిన నా ఈడువారికి ఇది వింతగా తోచదు.

గోదావరి ఒడ్డున గన్నవరం దగ్గర మా పుట్టింట్లో తాతగారు పంచాంగం గుణించేవారు. ఆ గణితానికంతటికీ ఆధారం ఒకే ఒక్క సంఖ్య, కలియుగం మొదలైన నాటినుంచి గడిచిన రోజుల మొత్తం. దాన్నే అహర్గణం అంటారు. రోజూ తెల్లవారగానే దానికి ఒకటి కలిపి, ఏడుతో భాగించి చూడాలి. శేషం లేకపోతే శుక్రవారం, ఒకటి మిగిలితే శనివారం, అలా వారం కుదిరిందంటే సంఖ్య సరిగా ఉన్నట్టే. తాతగారి కళ్ళకు పొరలు కమ్మాక ఆ పని పదేళ్ళ నాకు అప్పగించారు. ఆడపిల్ల చేతికి పంచాంగం ఇచ్చాడని వీధిలో సణిగినవారు లేకపోలేదు, ఆయన విననట్టే ఊరుకునేవారు.

ఆ ఏడాది ఆషాఢం చివర ఒక బుధవారం, గుమ్మం పైన బొగ్గుతో పద్దెనిమిది లక్షల పదివేల మూడువందల ముప్ఫై ఎనిమిది అని రాశాను. ఆ సాయంత్రమే గోదావరి ఇంట్లోకి వచ్చేసింది. అందరం అటకెక్కాం. తాతగారు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నారు, నేనేమో ఆకలితో, పాముల భయంతో లెక్క సంగతే మరిచిపోయాను. నీరు తీశాక కిందికి దిగిన రోజు గురువారం. గుమ్మం మీద పాత సంఖ్య అలాగే ఉంది. ఎన్నాళ్ళు మరిచానో చూసుకునే ధైర్యం లేక దానికే ఒకటి కలిపి ఏడుతో భాగిస్తే ఆరు మిగిలింది, అంటే గురువారమే. సరిగ్గా ఏడు రోజులు ఎగిరిపోతే ఏడుతో భాగించినా శేషం మారదని నాకప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేదాన్ని కాదేమో.

అటక మీద కూడా రోజూ కలిపావా అని తాతగారు అడిగితే, ఆయ్ అనేశాను. ఆ సంఖ్యతో గుణిస్తే బహుళ ద్వాదశి వచ్చింది. ఇంతలో నాన్నగారు పెరట్లోంచి వచ్చి పడమట చవితి చంద్రుడున్నాడన్నారు. తాతగారు ఇసుక పలక ముందేసుకుని మూడు రోజులు వేళ్ళతో తడుముతూ మళ్ళీ మళ్ళీ గుణించారు. వారం కుదురుతోంది గనక సంఖ్యలో తప్పు లేదు, చెడింది తన బుర్రేనని తేల్చుకున్నారు. నాలుగోనాడు తాటాకు గ్రంథాలన్నీ మూటగట్టి, గోదావరిలో కలిపేయమని నాన్నగారికి ఇవ్వబోయారు.

నేనిక తట్టుకోలేక ఆయన కాళ్ళు పట్టుకుని నిజం చెప్పేశాను. ఆయన మూట విప్పి గ్రంథాలు పక్కన పెట్టారు. తరవాత నా తల నిమిరి, “ఏడు రోజుల తప్పు ఏడుకి దొరకదమ్మా. రేపటినుంచి చంద్రుణ్ణి కూడా చూసి కలుపు,” అన్నారు.

తిథి ఎలా తప్పిందని అడిగినవాళ్ళందరితో మాత్రం జ్వరంలో తనే లెక్క మరిచానని చెప్పుకున్నారు. పెద్దాయనకు మతి తప్పుతోందని, ఆ ఏడాది పెళ్ళి ముహూర్తాలకు ఊరివాళ్ళు ముమ్మిడివరం సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళారు. ఎందుకలా చెప్పారని నేను ఏడిస్తే, నీ తప్పని తెలిస్తే ఊళ్ళో ఇంకే ఆడపిల్లకూ పలక ఇవ్వరని నెమ్మదిగా అన్నారు.

ఇప్పుడు అమలాపురంలో మా మనవరాలు బడికి వెళుతోంది. లెక్క తప్పితే పంతులుగారు పేరు పెట్టి మరీ కేకలేస్తారట. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చి, అన్నం తిని, మర్నాడు మళ్ళీ వెళుతుంది. దాని తప్పులు దాని పేరునే ఉంటున్నాయి. నా తప్పు మాత్రం ఈనాటికీ ఆ ఊళ్ళో తాతగారి పేరునే ఉంది.