జంట చెక్కలకు సరిపడే టార్చి

బీలియన్ అబద్ధం చెప్పిందా, లేక తాను కోరుకున్నదే ఆమె కళ్ళకు కనిపించిందా? ఆ అక్కచెల్లెళ్ళ పక్కింట్లో ఇన్నేళ్ళు ఉన్నాను. గోడకు చెవి ఆనించకుండానే అన్నీ వినపడేవి. అయినా ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు.

అక్క పేరు చైహోంగ్. మా ఊరు లుగాంగ్‌లో గుడి సందు మొదట్లో ఎర్ర తాబేళ్ళు చేసి అమ్మేది. జిగురు బియ్యప్పిండికి ఎర్ర రంగు కలిపి, పెసరపప్పు పూర్ణం పెట్టి, తాబేలు డిప్ప చెక్కిన అచ్చులో అదిమి, అరటాకు ముక్క మీద ఆవిరికి పెట్టే వంట అది. మొక్కు తీరినవాళ్ళూ, బిడ్డకు నెల నిండినవాళ్ళూ ఆమె దగ్గరికే వచ్చేవారు. డెబ్బై దాటాక ఆమె చూపు నడిమధ్య ఒక మసక మచ్చ వచ్చి కూర్చుంది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. అందుకని మనిషితో మాట్లాడేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. కొత్తవాళ్ళు పొగరనుకునేవాళ్ళు. పొగరు కూడా ఉండేది, అది వేరే సంగతి.

ఆ ఏడు ఆవిరి కొట్టి ఆమె మణికట్టు కాలింది. "ఇక చాలక్కా, కొట్టు కట్టేద్దాం" అని చెల్లెలు బీలియన్ పట్టుబట్టింది. అక్క వినదు. చివరకు కొట్టు కట్టెయ్యాలా అని సముద్రపు తల్లి మాజు అమ్మనే అడుగుదామని ఇద్దరూ గుడికి వెళ్ళారు.

నెలవంకల్లాంటి రెండు చెక్కలు, ఒక వైపు చదును, ఒక వైపు బొజ్జ. ప్రశ్న చెప్పుకుని నేల మీద వదలాలి. ఒకటి చదును పైకి, ఇంకొకటి బొజ్జ పైకి పడితే అమ్మ ఔనన్నట్టు. రెండూ బొజ్జలే పైకొస్తే వద్దన్నట్టు. రెండూ చదునే పైకొస్తే నవ్వి ఊరుకున్నట్టు. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు ఔనని పడాలి. అక్క వేసింది, చెల్లెలు చూసి చెప్పింది: ఔను, ఔను, ఔను.

ఆ సాయంత్రమే అక్క మా గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, వరసగా మూడుసార్లూ ఔనందట!"

నేను మాస్టర్ని కాను. ఎప్పుడు చూసినా చేతిలో పుస్తకం ఉంటుందని ఆమె వెక్కిరింపుగా పెట్టిన పేరది.

"మంచిదే కదక్కా."

"ఏం మంచిది? నా పెళ్ళి సంగతి అడగ్గా అడగ్గా నన్ను కన్నతల్లికి మోకాళ్ళు అరిగిపోయాయి, ఒక్క ఔను రాలేదు. ఇప్పుడు నాకు కళ్ళు కనపడకపోయేసరికి అమ్మవారికి అంత తొందరొచ్చిందా?"

"చేత్తో తడిమి చూసుకోకపోయావా?"

"తడిమితే కదులుతుంది. కదిలాక అది అమ్మ మాటవుతుందా, నా వేలి మాటవుతుందా?"

"పోనీ నేనొచ్చి చూసి చెప్తాను."

"నువ్వా? నా చేతి కూర బాగాలేదని ఒక్కనాడైనా అన్నావా? నీ నోట నిజం రాదులే. ఓ టార్చి కొనిపెట్టు, జేబులో పట్టేది. నేనే చూసుకుంటా."

అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. ఖో గారి ఇనుప సామాన్ల కొట్లో అన్నిటికన్నా ఎక్కువ వెలుతురుది తెచ్చాను. చూపు తగ్గినవాళ్ళకు వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మేలని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. గుడిలో నేల నున్నటి రాయి, చెక్కల మీద మెరిసే ఎర్ర పూత. లైటు వెయ్యగానే నేల రేకులా భగ్గుమంది. అక్క చేతులతో కళ్ళు మూసుకుని అరిచింది. "చెక్కలేవయ్యా? నేల మీద సూర్యుడు పడ్డాడు!"

మార్చి ఇంకొకటి తెచ్చాను. దాని వెలుగు రాగి నాణెమంత. ఒక చెక్క కనిపిస్తే రెండోది కనిపించదు. మూడోదానికి ఒకే బొత్తాం. నొక్కిన కొద్దీ పెద్ద వెలుగు, చిన్న వెలుగు, ఆ పైన టపటపా కొట్టుకునే వెలుగు. దండం పెట్టుకుంటున్న ముసలావిడ ఒకామె "పోలీసులేమన్నా వచ్చారా?" అని లేచి నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా అక్క నా మోచెయ్యి పట్టుకుని నన్నే తిట్టింది. ఆమె పట్టుకున్నది దారి కోసమో, తిట్లు వదిలేసి నేను పారిపోకుండానో తెలియలేదు. విసుగు నా తలకెక్కింది. నేను చదువుకునే వేళంతా ఆ టార్చిలకే పోయింది.

"ఈసారి కొట్టుకి నేనే వస్తా" అంది అక్క. వచ్చింది. సంచిలోంచి తన ఇంటి చెక్కలు తీసి ఖో గారి కొట్టు నేల మీద పడేసింది.

"అయ్యయ్యో, ఇక్కడ వేస్తావేంటమ్మా! ఏ దేవుడో పలికితే నేనేం చెయ్యాలి?"

"భయపడకు, నీ కొట్టుకి ఏ దేవుడూ రాడు. లైట్లు తియ్యి."

ఆయన ఒక్కొక్కటే తీశాడు. "ఇది చూడు, చేపల బజారు కప్పు దాకా పోతుంది."

"నేను అమ్మతో మాట్లాడాలయ్యా, సముద్రంలో పడవతో కాదు."

వేస్తుంది, వంగుతుంది, విసుక్కుంటుంది, మళ్ళీ వేస్తుంది. అలా వేస్తుంటే ఒక చెక్క జారి అరల కిందికి పోయింది. ఖో గారు గొణుక్కుంటూ బల్ల సొరుగులోంచి తన పాత టార్చి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని వెలిగించి నేల మీద పెట్టి చెయ్యి లోపలికి చాపాడు. చెక్కను బయటికి తోశాడు. అది వచ్చి రెండో చెక్క పక్కన, ఆ వెలుగులోనే ఆగింది.

"కదపకు!" అని అరిచింది అక్క.

ఆయన చెయ్యి అలాగే అర కింద ఉండిపోయింది. ఆమె మొహం పక్కకు తిప్పి, గడ్డం దాదాపు నేలకు ఆనించి చూస్తోంది.

"దీని అంచు కింద నీడుంది. దానికి లేదు. ఇది బొజ్జ మీద కూర్చుంది, అది బోర్లా పడుకుంది. ఔనా మాస్టారూ?"

ఔను. నేను వంగి చూశాను. ఆ పసుపు వెలుగు నేలబారుగా పోతుంటే బొజ్జ మీద ఒరిగిన చెక్క అంచు కింద నల్లటి గీత పడుతోంది. ఇన్నాళ్ళూ పైనుంచి వెలుతురు కుమ్మరించి ఆ నీడను మేమే చెరిపేస్తూ వచ్చామన్నమాట.

"ఇదే ఇవ్వు."

"ఇది అమ్మేది కాదమ్మా, నాది. పాతది. అద్దం మసకబారింది."

"నా కన్నూ అంతే. జోడీ కుదిరింది, ఇవ్వు."

మీట ముందుకు తోస్తే వెలుగు, వెనక్కి లాగితే చీకటి, అంతే. ఆయన సణుగుతూనే ఇచ్చాడు.

మర్నాడు ముగ్గురం గుడికి వెళ్ళాం. బీలియన్ దారంతా మాకు నాలుగడుగులు వెనకే నడిచింది. గుడి చూసుకునే ఆయన అడ్డం వచ్చాడు.

"ఒకసారి అమ్మ చెప్పేశాక అదే మళ్ళీ అడక్కూడదు చైహోంగ్ అత్తా."

"అదే ఎందుకడుగుతాను?" అని ఆమె పొగబారిన గర్భగుడి వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అడిగింది. "అమ్మా, మొన్న నువ్వు నిజంగా ఔనన్నావా? ఒక్కసారి చెప్పు, చాలు."

"అక్కా! అమ్మనే అనుమానిస్తావా?"

"అమ్మని కాదే."

చెక్కలు నేల మీద టక్కుమన్నాయి. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి నేలకు పెట్టి, తల ఒక పక్కకు వంచింది. ఆమె వీపు మాకు అడ్డం. నేను ఒక అడుగు వెయ్యబోయి ఆగాను. బీలియన్ అసలు కదల్లేదు. చొక్కా అంచు నలుపుతూ నిలబడింది.

"నీ చెయ్యి కాలినప్పుడు ఆ బొబ్బలు చూసింది నేనక్కా" అంది చివరికి. "నువ్వేమో అప్పుడు అచ్చు ఎక్కడ పడిందా అని వెతుక్కుంటున్నావు."

అక్క టార్చిని చెక్కలకు రెండో పక్కకు జరిపింది. చాలాసేపు చూసింది. చెక్కలు ఏరి గుడి బుట్టలో పెట్టింది. అమ్మకు దండం పెట్టి, టార్చి మీట వెనక్కి లాగి జేబులో వేసుకుంది. చేత్తో స్తంభాన్ని తాకుతూ గడప దాటి, ఇంటి వైపు కాకుండా, తాబేళ్ళకు బియ్యం పట్టించే పిండి మర వైపు తిరిగి వెళ్ళిపోయింది.