ఆవుల కనుమలో రివర్సు గేరు

వయసులో ఉన్నప్పుడు భయమంటే ఏమిటో తెలియదని చాలామంది చెప్పుకుంటారు. నా సంగతి వేరు. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ భయమే. ఆ భయం ఎదుటివాళ్లకు తెలిసిపోతుందేమోనన్నది అన్నిటికంటే పెద్ద భయం. నరసరావుపేట నుంచి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బర్గ్ వచ్చి, అక్కడొక ఆసుపత్రిలో నర్సుగా చేరి రెండేళ్లయింది. డ్రైవింగ్ టెస్టు నాలుగోసారికి పాసయ్యాను. (మూడోసారి పరీక్ష పెట్టినాయన కారు దిగి, ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు.) కానీ ఫ్లాట్‌లో నాతో కలిసి ఉండే అక్కతో మాత్రం, "ఫస్ట్ టైమే వచ్చేసిందక్కా" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రానికల్లా ఆ మాట వార్డంతా పాకింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా వార్డులోనే సీనియర్ నర్సు, వరంగల్ మనిషి, యాభైకి దగ్గర పడింది. ఎనిమిదేళ్లలో ఆమె ఈ దేశంలో చూసినవి మూడే: ఫ్లాటు, వార్డు, ఆదివారం చర్చి. అయినా స్కాట్లాండ్ మొత్తం ఆమెకు నోటికి వచ్చు. మంచాల మీద పడుకున్న ముసలివాళ్లు మా ఊరి సరస్సు ఇలా ఉంటుంది, మా కొండ అలా ఉంటుంది అని చెబుతుంటే, పాత డ్యూటీ రోటా కాగితాల వెనక రాసుకునేది. ప్రతి పేరు పక్కనా అది చెప్పినవాళ్ల మంచం నంబరు. 2013 వేసవిలో మా ఇద్దరికీ ఒకేసారి రెండు రోజులు సెలవు దొరికింది. అక్క ఆ కాగితాలన్నీ నా ముందు పరిచింది.

"ఓ పోరీ, ఫస్ట్ టైమ్‌లనే పాసైనవ్ గదా! కారు కిరాయికి తీస్కోని పోదామా?"

మొదటిరోజు బాగానే గడిచింది. రోడ్లు వెడల్పు, ఎండ బాగుంది. గ్లెన్‌కో లోయ దగ్గర దిగి ఫొటోలు తీసుకున్నాం, లాక్ నెస్ సరస్సు ఒడ్డున చపాతీలు తిన్నాం. రాత్రికి ఇన్వర్నెస్‌లో ఉండి, పొద్దున్నే ఆపిల్‌క్రాస్ అనే ఊరికి బయలుదేరాం. ఆ ఊరి గురించి చెప్పింది నాలుగో నంబరు మంచం మీది పెద్దావిడ. కొండ మీది నుంచి చూస్తే సముద్రం, దీవులు కనిపిస్తాయనీ, తాను ఇక చూడలేననీ, వెళ్లొచ్చి ఎలా ఉందో చెప్పమనీ అడిగిందట.

కొండ మొదట్లో పెద్ద బోర్డు ఉంది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు, పెద్ద బండ్లకు ఈ దారి తగదని దాని సారాంశం. నా కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్లింది. అక్క బోర్డు మొత్తం నింపాదిగా చదివింది.

"మనకు గాదు గదా ఇది. నీకు లైసెన్సున్నది."

"ఈ దారిని ఆవుల కనుమ అంటారటక్కా. పూర్వం పశువుల్ని తోలుకెళ్లేవాళ్లట, అంత ఇరుకు..." అన్నాను, ఆమె తనంతట తానే వద్దంటుందేమోనని.

"ఆవులెక్కినయంటే మనమెక్కమా? ఊరి పేరులనే క్రాస్ ఉన్నది. ప్రభువే చూస్కుంటడు, పోనియ్."

పోనిచ్చాను. ఒక కారు పట్టేంత దారి. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క లోయ. లోయ వైపు రేకు కంచె ఉంది కానీ ఒకచోట అది బయటికి వంగిపోయి ఉంది. దాన్ని వంచినవాళ్లు ఏమై ఉంటారన్న ఆలోచన వచ్చాక నా అరచేతుల చెమటకు స్టీరింగు జారడం మొదలుపెట్టింది. రెండో మలుపు దాటేసరికి పొగమంచు కమ్మేసింది. అక్క కళ్లు మూసుకుని బిగ్గరగా ప్రార్థన అందుకుంది: "ప్రభువా, ఈ పిల్ల కాళ్లకు బలమియ్యి. రెండిటికి గాదు తండ్రీ, ఏది తొక్కాల్నో గా కాలుకే ఇయ్యి!"

సరిగ్గా అప్పుడే ఎదురుగా మంచులో రెండు పసుపు దీపాలు కనిపించాయి. పడకలూ పొయ్యీ అమర్చుకున్న పెద్ద వ్యాను. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర ఆగాం. ఆగీ ఆగగానే మా కారు జానెడు వెనక్కి జారింది. క్లచ్ మాడిన వాసన. నేను హ్యాండ్ బ్రేకును రెండు చేతులతో లాగి, దాన్ని వదలకుండా అలాగే వేలాడాను. ఎదుటి బండికి దారివ్వడానికి రోడ్డు పక్కన వెడల్పు చేసిన చోటు మాకు ముప్పై అడుగుల వెనక ఉంది. అంటే వంపు దారిలో, మంచులో, లోయ పక్కనుంచి రివర్సు.

వ్యానులోంచి టోపీ పెట్టుకున్న ముసలాయన దిగి వచ్చాడు. నేను ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంచి అద్దం దించాను. నాకంటే ఆయన ముఖమే ఎక్కువ పాలిపోయి ఉంది. ఈ వ్యాను అద్దెకు తీసుకుని రెండు రోజులే అయిందనీ, వెనక్కి నడపడం తన వల్ల కాదనీ, భార్య అప్పుడే దిగి నడిచిపోతానంటోందనీ చెప్పి, కాస్త సాయం చేయమని వేడుకున్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అక్కా, నాకు రివర్సు సరిగ్గా రాదు. నేను పాసయింది నాలుగోసారికి."

"నాలుగోసారా?"

"నాలుగోసారే."

అక్క నా వైపు తిరిగింది. "గీ ముచ్చట కింద బోర్డు కాడ చెప్పొద్దానె?"

తిడుతుందనుకున్నాను. ఆమె స్కార్ఫు తలకు చుట్టుకుని, తలుపు తీసుకుని దిగిపోయింది. కారు వెనక్కి వెళ్లి డిక్కీ మీద దబదబా చరిచింది. "మా నాయిన బస్సు కండక్టరు. లోయ దిక్కు చూడకు, నా మాటిను. రానియ్... రానియ్... జర నీ ఎడమకు... హోల్డాన్!"

అద్దంలో చూస్తే నా ప్రాణం పోయినంత పనైంది. నాకు అంచు తెలియాలని ఆమె సరిగ్గా కారుకూ లోయకూ మధ్య నిలబడి ఉంది. నా కాలు తప్పితే ముందు పోయేది ఆమె. నేను ఇంజన్ ఆపేసి, "పక్కకు రా అక్కా, నీ కాళ్లు మొక్కుతా" అని అరిచాను. "నువ్వు బ్రేకు తొక్కు, చాలు. రానియ్!" అంది. మళ్లీ ఇంజన్ స్టార్టు చేసి, ఆ ముప్పై అడుగులూ అంగుళం అంగుళంగా, ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ వెనక్కి వెళ్లాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. వ్యాను మా పక్కనుంచి దాటినప్పుడు ముసలాయన చెయ్యెత్తి దండం లాంటిదేదో పెట్టాడు. ఆయన భార్య రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉంది.

తిరిగే చోటు లేదు కాబట్టి పైకే వెళ్లాం. కొండ మీద కారు ఆపాం. అక్క పులిహోర డబ్బా తీసింది. మూతను మూడుసార్లు తిప్పింది, మూడుసార్లూ బిగించే వైపే.

"నీకూ భయమేసిందా అక్కా?"

"వెయ్యదా మరి? వెనక జూస్తే లోయ, ముందు జూస్తే నువ్వు. లోయనే నయమనిపించింది."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో, మళ్లీ ఎప్పుడు నవ్వైందో తెలియదు. అంతలో మంచు విడిపోయి, కింద సముద్రం, దూరంగా నీలంగా దీవులు బయటపడ్డాయి. ఆ దృశ్యం ఐదు నిమిషాలు కూడా ఉండలేదు. అక్క ఫోను తీయలేదు. పెద్దావిడకు అప్పజెప్పాలి కాబట్టి, పాఠం బట్టీ పట్టే పిల్లలా పెదవులు కదుపుతూ చూస్తూ నిలబడింది. తిరుగు ప్రయాణం సముద్రం ఒడ్డు వెంట చుట్టుదారిలో చేశాం.

నా నాలుగోసారి సంగతి అక్క వార్డులో ఎవరికీ చెప్పలేదు. పైగా నెల తిరక్కుండా తానే లెర్నర్ లైసెన్సు తెచ్చుకుని, నేర్పమని నన్నే అడిగింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక, అక్కడివాళ్ల పాత కారు ఒకటి అడిగి తీసుకుని, ఖాళీ అయిన చర్చి కారు పార్కులో మొదటి పాఠం. కారు కుప్పిగంతులు వేస్తూ గోడ వైపు వెళుతుంటే అక్క కెవ్వుమంది. "ఏం కాదక్కా, నేనున్నాగా!" అన్నాను ఎంతో పెద్దరికంగా. అప్పటికి నా రెండు చేతులూ సీటు అడుగును పట్టుకుని ఉన్నాయి, నా వైపు లేని బ్రేకును నా కాళ్లు తొక్కుతున్నాయి. అప్పటి ఆ పిల్లను, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్కసారి ఆ రోజుల్లోకి వెళ్లి ఆ పిల్ల భుజం తట్టి రావాలనీ అనిపిస్తుంది.