అప్ యారో మీద వేలు

ఆర్విడ్ కాంగస్‌కు కాలు నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే జేబులో తాళాలు మోగుతాయి. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునేది అతనే. మధ్యాహ్నం తినే మాంసం కూరిన పాస్టీ రొట్టె కూడా నడుస్తూనే తింటాడు.

అలాంటి మనిషికి ఒకే కమాండ్ రెండోసారి టైపు చేయాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఇచ్చిన కమాండ్లన్నీ షెల్, అంటే వాటిని అందుకుని నడిపే ప్రోగ్రామ్, గుర్తు పెట్టుకుంటుంది కదా. అప్ యారో నొక్కుతూ పోతే పాతవి ఒక్కొక్కటే తెర మీదికొస్తాయి, కావలసినది రాగానే ఎంటర్ కొడితే సరి. రెండక్షరాల కమాండ్ కోసం కూడా టకటకా ఎంతో వెనక్కి వెళ్ళేవాడు. ఆ పాటికి దాన్ని హాయిగా టైపు చేసుకోవచ్చు, కానీ చెబితే వినే ఘటమా?

"ఫైళ్ళు తుడిచే కమాండ్ ముందు ఒక స్పేస్ కొట్టు నాయనా," అనేది పక్క బల్ల బెర్నడెట్. అలా కొట్టినదాన్ని అక్కడి షెల్ గుర్తు పెట్టుకోదు. "తర్వాత పొరపాటున వేలికి తగలకుండా ఉంటుంది."

"ఆ స్పేస్ కొట్టేలోపు ఇంకో పని చేసుకుంటా."

"చేసుకో. తర్వాత రెండు పనులూ నేను సర్దుతా."

ఆ ఏడాది కేంద్రంలో పరిశోధకురాలు లోర్నా బోడ్రీ సరస్సు మంచు కింద మైకు దించి, శీతాకాలమంతా చప్పుళ్ళు రికార్డు చేసింది. మంచు విరిగే ఘడియ కోసమే ఆమె పడిగాపులు. ఏప్రిల్‌లో విరిగింది. రికార్డింగులున్న మెమరీ కార్డు తెచ్చి ఆర్విడ్ చేతిలో పెట్టింది.

అతను ఒక కమాండ్‌తో ఫోల్డర్‌లోని పాత చెత్త తుడిచేశాడు. ముందు స్పేస్ కొట్టలేదు. మౌస్‌తో కార్డులోనివి అందులోకి లాగి, "అన్నీ ఎక్కాయి, కార్డు తుడిచేసి వాడుకో," అన్నాడు. ఆమె అలాగే చేసింది. ఇక రెండో డిస్కులోకి ఇంకో కాపీ తీయాలి. ఆ కమాండ్ కొడితే డిస్కు తగిలించలేదని కంప్యూటర్ తిట్టింది. తగిలించి, కనబడుతోందో లేదోనని చూసే కమాండ్ వెంటవెంటనే రెండుసార్లు కొట్టాడు.

ఒకే కమాండ్ అలా రెండుసార్లు కొడితే షెల్ ఒక్కటిగానే లెక్కేస్తుంది. ఆ సంగతి ఆర్విడ్‌కు తెలుసు, అతని వేలికి తెలియదు. కళ్ళు కిటికీలో పెట్టుకుని మూడుసార్లు అప్ యారో, ఎంటర్. రెండుసార్లకే వచ్చే కాపీ కమాండ్‌ను దాటిపోయి, తుడిచే కమాండ్ నడిచింది.

తెర చూసేసరికి ఫోల్డర్ ఖాళీ. వేలు మళ్ళీ కీబోర్డు మీదికి పోతుంటే బెర్నడెట్ అతని మణికట్టు పట్టుకుంది.

"తియ్ చెయ్యి. ఇప్పుడు దాని మీద ఏం రాసినా వెనక్కి తేగలిగేది కూడా పోతుంది. నువ్వు కదలకు, అంతే."

తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కదలకుండా ఉండడం ఇంత నరకమని అతనికి అప్పటిదాకా తెలియదు. లోర్నా వచ్చి, "అయిందా?" అంది.

"నీ రికార్డింగులు తుడిచేశాను," అన్నాడు. "నేనే."

ఆమె కోటు కూడా విప్పకుండా పక్కన కూర్చుంది.

సాయంత్రానికి బెర్నడెట్ దాదాపు అన్నీ వెనక్కి తెచ్చింది. చివరిది, మంచు విరిగినప్పటిది, మాత్రం సగమే వచ్చింది. ముగ్గురూ విన్నారు. మంచు మూలిగింది, కిర్రుమంది, లోపలెక్కడో ఏదో బరువుగా కదిలింది. అక్కడ ఆగిపోయింది.

"మిగతావన్నీ దక్కాయి కదా," అన్నాడు ఆర్విడ్. "వచ్చే ఏడు మళ్ళీ..."

"వచ్చే ఏడు విరిగేది వేరే మంచు, ఆర్విడ్," అంది లోర్నా.

అతని మోకాలు ఆడడం లేదు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు బెర్నడెట్‌తో.

పెట్టింది. అక్కడే ఆగిపోయింది.