చెరకు తోటలో పోయిన చక్రం

నా చిన్నప్పుడు, "నీకు అన్నిటికంటే ఏదంటే భయం?" అని ఎవరైనా అడిగి ఉంటే, పామనో దెయ్యమనో చెప్పేదాన్ని కాదు, కాణిపాకం అని చెప్పేదాన్ని. మాది ఐరాల దగ్గర పల్లె. కాణిపాకం వినాయకుడు మాకు ఇరుగుపొరుగు మనిషి కింద లెక్క. పెళ్ళికి ముందు, విత్తనానికి ముందు అందరూ పోయి మొక్కుకుని వచ్చేవాళ్ళే. కానీ తగవులో ఆ పేరు వచ్చిందంటే మాత్రం కథ వేరు. గట్టు జరిపావని ఒకరు, జరపలేదని ఒకరు గొంతులు పోయేదాకా అరుచుకున్నాక, ఎవరో ఒకరు "కాణిపాకం పోదాం పా" అనేవారు. అరుపులు అక్కడితో ఆగిపోయేవి. తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో స్వామి ముందర నిలబడి ప్రమాణం చేయాలి. అబద్ధం చెప్పినవాడు తిరిగి ఇల్లు చేరడని మా వీధి పిల్లలందరికీ తెలుసు. అలా చేరనివాడు ఎవరని అడిగితే మాత్రం ఒక్కరికీ తెలియదు. అయినా నమ్మేవాళ్ళం.

ఆ ఏడు ఎదురింటి అన్నకు వాళ్ళ మేనమామ మద్రాసు నుంచి ఒక ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చిచ్చాడు. అన్నం తినేది కాదు, విసిరితే గాలిలో తేలుతూ పోయేది. నారింజపండు రంగు. మేమంతా దాన్ని చక్రం అనేవాళ్ళం. వేరుశనగ పీకేసిన చేను ఖాళీగా ఉండేది కాబట్టి సాయంత్రమైతే అందరం అక్కడే. మోటారు కొట్టం దగ్గర నిలబడి విసరడం మొదలుపెట్టి, చేను ఆ చివర గట్టు మీద పెట్టిన చిల్లు గంపలో పడేయాలి. పడిన చోటి నుంచే మళ్ళీ విసరాలి. ఎవరు తక్కువ విసుర్లలో గంపలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. చక్రం ఒక్కటే, అది అన్నది. మిగతావాళ్ళం పెయింటు డబ్బాల మూతలతో ఆడేవాళ్ళం. నా మూత లోపల ఎర్రరంగు ఎండి అట్ట కట్టి ఉండేది. అది సరిగ్గా ఎగిరేది కాదు, పైగా వేళ్ళు కోసేది. అన్న మనసు బాగున్న రోజు మాకు తలా ఒక విసురు చక్రం ఇచ్చేవాడు.

ఆ సాయంత్రం నా వంతు వచ్చింది. నేను విసిరాను. బాగానే పోతోంది అనుకునేలోగా గాలి దాన్ని పక్కకు తోసింది. చేను పక్కనే ఎదురింటివాళ్ళ చెరకు తోట. చక్రం ఆ ఆకుల మీదుగా తేలి లోపలెక్కడో దిగిపోయింది. మసక పడేదాకా వెతికాం. మనిషికంటే ఎత్తు పెరిగిన చెరకు, చేతులు కోసే ఆకు, లోపల నక్కలుంటాయన్న భయం. దొరకలేదు. అన్న ఏడుస్తూ ఇంటికి పోయాడు. నాకు కూడు దిగలేదు.

మరుసటి రోజు బడి వదలగానే ఒక్కదాన్నే పోయి మళ్ళీ ఆ చెరకులో దూరాను. పోగొట్టింది నేను, వెతికి తేవాల్సిందీ నేనే అనిపించింది. ఎప్పటిలాగే నా మూతను పావడ మడతలో చుట్టుకుని పోయాను. ఏమీ దొరక్క, చేతులంతా గీతలు పడి బయటికి వస్తుంటే గడ్డిమోపుతో ఎదురింటి పెద్దమ్మ, అన్న వాళ్ళ అమ్మ, కనబడింది. ఆమె నా పావడ వైపు చూసింది. నేను భయపడి పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో ఇప్పటికీ తెలియదు. భయం అలాంటిదే, పని చేశాక గానీ కారణం వెతుక్కోదు.

దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ మా గడపలో ఉంది. "అత్తా, నా కండ్లతో నేను సూసినా. ఎర్రగా గుండ్రంగా ఉండేదాన్ని పావడలో సుట్టుకొని బయటికొస్తా ఉండింది" అని మా అవ్వతో చెప్పింది. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. నేను మూత తెచ్చి చూపించాను. అది కాదు, ఇంకోటి అంది పెద్దమ్మ. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు, తను చూసింది అదేనని మనస్ఫూర్తిగా నమ్మింది. కొడుకు రెండు పూటలా అన్నం ముట్టలేదు, ఆ కడుపుమంట ఆమెది. మా నాయన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. వీధిలో నలుగురూ గుమిగూడారు. అప్పుడు పెద్దమ్మ ఆ మాట అననే అంది. "తీయలేదంటే కాణిపాకం రమ్మను. తలకు నీళ్ళు పోసుకొని సెప్పమను."

పళ్ళెమంత ప్లాస్టిక్కు ముక్క కోసం దేవుడి దాకా పోవాలా అని ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి. నేను తీయలేదు, నాకు తెలుసు. కానీ చివరగా దాన్ని ముట్టుకున్నది నేనే కదా. అది ఎక్కడుందో తెలియదని చెబితే, చెరకులో ఉందని తెలుసు కదా అని స్వామి అంటే? తడిబట్టలతో నిలబడి వణుకులో ఒక మాట తప్పు పలికితే? కళ్ళు పోతాయా, నోరు పడిపోతుందా? ఆలోచించేకొద్దీ, ఒకవేళ నేనే తీశానేమో, తీసి మరిచిపోయానేమో అని కూడా అనిపించింది. ఊరంతా దొంగ అన్నా సరే, ఆ నీళ్ళు వద్దు, ఆ గడప వద్దు అనుకున్నాను. అందుకే తీశానని ఒప్పేసుకున్నాను.

అమ్మ నోట కొంగు కుక్కుకుని ఏడ్చింది. నాయన లేచి బయటికి పోయాడు. అవ్వ మాత్రం నా దగ్గరికొచ్చి మామూలుగా అడిగింది, "యాడ పెట్టినావు మే?" నోటికొచ్చింది చెప్పాను, గడ్డివామిలో అని. "సరే పా, తీసుకొద్దాం" అని నా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ లాంతరు పట్టుకుని నిలబడింది. నేను గడ్డిలో చెయ్యి పెట్టి వెతికాను. లేదని తెలిసీ వెతికాను. ఆ గడ్డి నా గీతల మీద మంట పుట్టిస్తుంటే, ఎక్కడి నుంచైనా చక్రం వచ్చి చేతికి తగిలితే బాగుండునని మొక్కుకున్నాను. చివరికి కూలబడి, తీయలేదవ్వా, నేను తీయలేదు అని ఏడ్చాను.

ఇదంతా నాటకం, ఇప్పుడు ప్రమాణం చెయ్యక తప్పదు అంది పెద్దమ్మ. అవ్వ నా తలలో గడ్డి పరకలు ఒక్కొక్కటే ఏరింది. తర్వాత, "గమ్మునుండు. పిల్ల రాదు. నేనొస్తా" అంది. పిల్ల తరఫున పెద్దవాళ్ళు చేస్తే చెల్లుతుందా చెల్లదా అని వీధిలో కొంత గుసగుస జరిగింది. చెల్లుతుందనే తేల్చారు.

పొద్దున్నే అవ్వ, పెద్దమ్మ కలిసి బస్సెక్కారు. నేను బడికి పోలేదు. రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చున్నాను. వచ్చే ప్రతి బస్సుకూ లేచాను, ఆగకుండా పోతే మళ్ళీ కూర్చున్నాను. ఇంటికి చేరని వాళ్ళ కథలన్నీ ఆ రాయి మీద కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. అవ్వ బస్సు దిగేసరికి ఆమె చీర ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను పోయి ఆ తడిలో ముఖం దాచుకున్నాను. వెనకే దిగిన పెద్దమ్మ ఎవరితోనూ ఏమీ చెప్పకుండా ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

భయం మాత్రం నన్ను వదల్లేదు. అవ్వ దగ్గితే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేదాన్ని. మధ్యాహ్నం కాస్త ఎక్కువసేపు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. నిజంగా నేనే తీసి మరిచిపోయి ఉంటే నా మూలంగా అవ్వ పోతుందని లోలోపలే కుమిలిపోయాను. ఒక్కటే ధైర్యం. ఊరంతా ఒకవైపున్నా అవ్వ నన్ను నమ్మింది, నమ్మింది కాబట్టే అంత గట్టిగా ప్రమాణం చేసి వచ్చింది అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

చలి వెనకబట్టాక ఎదురింటివాళ్ళ చెరకు నరికారు. ఆ సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. చేతిలో చక్రం. రంగు వెలిసి, ఒక అంచును ఎలుకలు కొరికి ఉన్నాయి. తోట నడిమధ్యలో ఆకు చెత్త కింద దొరికిందట. దాన్ని అవ్వ ముందర పెట్టి, నా వైపు తిరిగింది. కళ్ళెత్తి చూడలేకపోయింది పాపం.

"మీ అవ్వ ఆడ ఏం సెప్పిందో నీకు తెలుసునా పాపా? తీయలేదని సెప్పలేదు. ఆ పిల్ల తీసింటే దాన్ని వదిలిపెట్టు సామీ, నాకు తగలనీ, అనింది. నేను పక్కనే ఉండినా. ఆ పొద్దే నా నోరు పడిపోయింది" అంది.

ఆమె వెళ్ళిపోయింది. ఇన్ని రోజులు దేన్ని పట్టుకుని బతికానో అది చేతిలోంచి జారిపోయినట్టయింది. చివరికి అడిగాను, నువ్వు నన్ను నమ్మలేదా అవ్వా అని. అవ్వ చేటలో కందిపప్పు ఏరుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఒగతూరి తీసినా అంటివి, ఇంగొగతూరి తీయలేదంటివి. నాకేం తెలుసు మే?"

భయం వేయలేదా అన్నాను. "వెయ్యకేం. నీళ్ళు పోసుకునేటప్పుడు కాళ్ళు వణికినాయి" అంది. మరి ఎందుకు పోయావు అంటే, ఇంత చిన్న సంగతి అడుగుతానేమిటన్నట్టు చూసింది. "నువ్వు ఆడ నిలబడలేవు గదా."

ఆ రోజు నాకు కోపమే వచ్చింది, అబద్ధం చెప్పను. నమ్మి ఉంటే బాగుండేది కదా అని రెండు మూడు రోజులు అలిగాను కూడా. పెద్దయ్యాక, పిల్లలు పుట్టాక, వాళ్ళ తప్పులూ ఒప్పులూ నా గడప దాకా వచ్చాక మెల్లగా అర్థమైంది. నన్ను నమ్మి నా పక్షాన మాట్లాడినవాళ్ళు తర్వాత చాలామందే దొరికారు. నమ్మకం కుదరకుండానే, కాళ్ళు వణుకుతున్నా నా ముందుకొచ్చి నిలబడింది మా అవ్వ ఒక్కతే.

ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా పోతే, ఎవరో ఒక పిల్ల తల వంచుకుని నడిమధ్యలో నిలబడి ఉంటుంది. తీశావా అని అడగడం నాకు చేతకాదు. నిజమేదో తర్వాత చూసుకోవచ్చు. ముందు పోయి ఆ పిల్ల పక్కన నిలబడి, ఆ చల్లబడిన చెయ్యి పట్టుకుంటాను.