మావయ్య నమ్మిన గేర్ బాక్స్

మా మావయ్యకు ఈ లోకంలో ఒక్క అనుమానం మీదే నమ్మకం. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటాడు, నవ్వకపోతే మరీ ఎక్కువ కలిపాడంటాడు. ఒంట్లో అంతా బాగానే ఉందని డాక్టర్ చెబితే, "ఏదో దాస్తున్నాడు" అని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెడతాడు. ఆయనా అదే మాట చెబితే ఇద్దరూ కూడబలుక్కున్నారని తేల్చేస్తాడు. చేతికి ఒక గడియారం, జేబులో ఇంకో గడియారం. రెండూ ఒకే టైము చూపించిన రోజున ఆయనకు అన్నం సయించదు.

అలాంటి మనిషి చేతిలో పడింది మా అత్తయ్య కారు. అరవై ఏళ్లనాటి బండి, వాళ్ల నాన్నది. అత్తయ్య డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే. పెళ్లయిన కొత్తలో మావయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిందట. ఆ తర్వాత అది షెడ్డులో మూలపడింది. పోయినేడు అత్తయ్య మెట్ల మీంచి జారి ఎడమ మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, నడుస్తోంది గానీ, ఆ కాలితో దేన్నీ గట్టిగా తొక్కలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒకే ఒక కోరిక కోరింది.

"నాన్న కారు బాగుచేయించండి. మళ్లీ నేనే నడపాలి."

ఇంజను బాగైంది, సీట్లు కొత్తవయ్యాయి, రంగు పడింది. గేర్ బాక్స్ ఒక్కటే మిగిలింది. పాతదాని పళ్లన్నీ అరిగిపోయాయి. మెకానిక్ మమ్మల్ని తన షెడ్డుకి పిలిచి విడమరిచి చెప్పాడు.

"పాతదానికే పళ్లు కట్టిస్తే, గేరు మార్చినప్పుడల్లా క్లచ్ రెండేసిసార్లు తొక్కాలండి. ఐదు గేర్లది వేస్తే ఒక్కసారి చాలు. ఆటోమేటిక్ అయితే క్లచ్చే ఉండదు, ఎడమకాలికి పనే లేదు. కాకపోతే దాని ఒళ్లు పెద్దది, కింద రేకు కొంచెం కోయాలి."

"అయితే ఆటోమేటిక్కే" అన్నాను నేను.

మావయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "నీకెవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు మావయ్యా."

"ఎవరూ చెప్పకుండా ఇంత తొందరగా చెప్పావంటే, ఎవరో గట్టిగానే చెప్పారు."

ఇంటికొచ్చాక అత్తయ్య ముందు పంచాయితీ పెట్టాడు. "మనం చెప్పకుండా దానంతట అదే గేరు మార్చుకుంటుందట. ఎప్పుడు మారుస్తుందో చెప్పదు, ఎందుకు మారుస్తుందో చెప్పదు. అలాంటిదాన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?"

"నేను పెట్టుకోలేదూ, ముప్పై ఏళ్లుగా" అంది అత్తయ్య.

అయినా పాత సామాన్ల కొట్టుకి బయల్దేరాడు, నన్ను సాక్షిగా వెంటేసుకుని. కొట్టాయన పాపం మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. మావయ్య ఆయనతో కప్పు మార్చుకున్నాకే తాగాడు. తర్వాత ఆటోమేటిక్ గేర్ బాక్స్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"దీన్ని ఏ బండిలోంచి తీశారు?"

"వెనక నుంచి లారీ గుద్దిన బండండి. ముందు భాగం చెక్కు చెదరలేదు."

"లారీవాడు ఎందుకు గుద్దాడు?"

"నాకేం తెలుసండీ?"

"నాకు తెలుసు. ఇది ఉన్నట్టుండి గేరు తగ్గించి ఉంటుంది." లేచి వచ్చేశాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఎప్పుడడిగినా "విచారిస్తున్నాను" అనేవాడు. అత్తయ్య అడగడం మానేసింది. స్టీరింగ్‌కి తొడగాలని తన చేత్తో కుట్టిన కవరును తీసుకెళ్లి బీరువాలో అడుగున పెట్టేసింది. అది చూసిన రోజున నాకు మావయ్య మీద ఒళ్లు మండిపోయింది.

ఈ లోపల నాకే ఆయన మీద అనుమానం మొదలైంది. అంటురోగం కాబోలు. పొద్దున్నే ఆరింటికి బయటికి పోతాడు, ఎనిమిదింటికి ఎడమకాలు ఈడ్చుకుంటూ వస్తాడు. ఏమైందంటే "చెప్పు కరిచింది" అంటాడు. ఆ చెప్పులు పదేళ్లనాటివి, వాటికి కరిచే ఓపిక ఎక్కడిది? పదిరోజులు చూశాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది.

"మీ మావయ్య నా నడకని వెక్కిరిస్తున్నారేమోరా" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున ఆయన వెనకాలే నక్కి నక్కి వెళ్లాను. మెకానిక్ షెడ్డు దగ్గరికి చేరేసరికి అత్తయ్య కారు షెడ్డు వెనక ఎత్తు రోడ్డు ఎక్కుతోంది. లోపల మావయ్య. సగం దాకా ఎక్కించి ఇంజను ఆపేశాడు. మళ్లీ స్టార్ట్ చేసి పైకి పోయాడు. కిందికొచ్చి మళ్లీ అదే పని. మూడోసారి నేను అడ్డం వెళ్లి తలుపు తీశాను. ఆయన ఎడమకాలు తువ్వాలుతో సీటుకు కట్టేసి ఉంది, రెండు ముళ్లు వేసి.

"ఏంటి మావయ్యా ఇది?"

"నిన్నెవరు పంపారు?"

వెనకే వచ్చిన మెకానిక్ చెప్పాడు. "ఆటోమేటిక్ ఆయనే తెచ్చి బిగించమన్నారు, నలభై రోజులైంది బాబూ. రోజూ కాలు కట్టేసుకునే నడుపుతారు. ఎత్తులో ఆగిపోతే ఎడమకాలు కావాల్సొస్తుందా, ఎవరైనా అడ్డమొస్తే కావాల్సొస్తుందా అని. వానలో ఎలా ఉంటుందో చూడాలని నాచేత రోడ్డంతా నీళ్లు పోయించారు."

"అవసరం లేదని అందరూ అంటారు" అన్నాడు మావయ్య. "వాళ్ల మాట నమ్మి మీ అత్తని కూర్చోబెట్టనా? సగం ఎత్తులో దీనికి బుద్ధి మారితే, ఆ కాలితో తను ఏం తొక్కుతుంది?"

"ఇంట్లో చెప్పొచ్చుగా. అత్తయ్య ఆశ వదిలేసుకుంది."

"చెబితే ఇవాళే నడుపుతానంటుంది. వద్దంటే ఆ మొహం నేను చూడలేనురా."

నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. నేనే కూర్చుని ముళ్లు విప్పాను.

"ఇంకో నెల చూద్దామనుకుంటున్నాను" అంటూ దిగబోయి, మళ్లీ సీట్లో కూలబడ్డాడు. "కాలు తిమ్మిరెక్కి చచ్చుబడింది. ఇంటిదాకా నడపలేను, నువ్వు నడుపు."

"దీనికి ఆ కాలు అక్కర్లేదు కదండీ" అన్నాడు మెకానిక్.

మావయ్య తన కాలు వైపు చూసుకున్నాడు. కింద గేర్ బాక్స్ ఉన్న వైపు చూశాడు. తర్వాత తానే ఇంటికి నడుపుకొచ్చాడు, స్పర్శ లేని ఎడమకాలిని పక్కన పడేసుకుని.

గుమ్మంలోనే నేను అత్తయ్యకు అంతా చెప్పేశాను. లోపలికెళ్లి బీరువాలోంచి కవరు తెచ్చి స్టీరింగ్‌కి తొడిగింది. తాళం కోసం చెయ్యి చాపింది. మావయ్య పక్క సీట్లో, నేను వెనక.

"మెల్లగా పోనీ. ఆ సైకిలాయన మనవైపే చూస్తున్నాడు. ఆ లారీ ఆగినట్టే ఉంది గానీ నమ్మకు. ఎత్తు వస్తోంది, గేరు మారుస్తుంది చూడు. మార్చింది. ఎందుకు మార్చిందంటావ్?"

అత్తయ్య సరిగ్గా ఎత్తు మధ్యలో కారు ఆపింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు.

"కాలికి కట్టుకున్న ఆ తువ్వాలు ఎక్కడుందండీ?"

మావయ్య సీటు కిందనుంచి తీశాడు. "ఇదిగో. ఎందుకూ?"

"నోటికి కట్టుకోండి."

మావయ్య తువ్వాలును అటూ ఇటూ తిప్పి చూసి, బుద్ధిగా కట్టుకున్నాడు. అత్తయ్య కారు పైకి పోనిచ్చింది. ఆ పూటంతా ఆమె స్టీరింగ్ వదల్లేదు, ఆయన తువ్వాలు విప్పలేదు. ఎదురొచ్చిన ప్రతి బండినీ వేలితో చూపిస్తూనే ఉన్నాడు.