అగ్గిపుల్లను నాలుగుగా చీల్చిన మనిషి

విన్చెల్సీ దాటిన పది నిమిషాలకు రైలు పొలాల మధ్య ఆగిపోయింది. పట్టాల మీదికి ఎవరివో ఆవులు వచ్చాయనీ, వాటి ఆసామి వచ్చి తోలుకుపోయేదాకా కదిలేది లేదనీ కండక్టర్ మైకులో చెప్పాడు. నాకేం తొందర లేదు. వార్నంబూల్ దాకా టికెట్టు ఉంది, అక్కడ చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. ఈ వయసులో నేను రైళ్లెక్కేది ఎక్కువగా చదువుకోవడానికే. ఇంట్లో పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది.

"పెద్దాయనా, నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

ఎదుటి సీటులో ఆవిడ. పొట్టి మనిషి, ఆకుపచ్చ కోటు, డెబ్బై ఎనిమిదేళ్ల మొహం మీద జాగ్రత్తగా దిద్దిన ఎర్ర పెదాలు. ఒళ్లో పెద్ద కవరు.

"నలభై ఏళ్లుగా నాకు తిండి పెట్టింది అదే," అన్నాను.

"ఉడుక్కోకు. నీ చేతిలో పుస్తకంలో అక్షరాలు చూస్తే ఊలు ఉండ చిక్కుపడ్డట్టుంది, అందుకని అడిగాను. నా కళ్లజోడు టీవీ వాళ్ల బల్లమీద మరిచిపోయి వచ్చాను. ఇందులో నాలుగు కాగితాలు చదివిపెట్టు. క్యాంపర్‌డౌన్ వచ్చేలోపు నాకు తెలియాలి."

పేరు నోలా ప్రిచర్డ్ అంది. కవరులో ఉన్నది ఒక టీవీ ధారావాహిక రాతప్రతి. పైన పేరు చూసి నేను నవ్వాను. "తాళాల వేళ" మళ్లీ తీస్తున్నారని పేపర్లో చదివాను గానీ, దాని కాగితాలు నా చేతికి వస్తాయని అనుకోలేదు.

ఈ దేశంలో నేను దిగిన ఏడాది ఆ ధారావాహిక వస్తుండేది. ఆడవాళ్ల జైలు కథ. ఫుట్‌స్క్రేలో మేం ఉండే అద్దె ఇంట్లో తొమ్మిదిమందిమి, గ్రీకులు, మాల్టా వాళ్లు, నేను, మంగళవారం సాయంత్రం ఒకే టీవీ పెట్టె ముందు కూర్చునేవాళ్లం. నా ఇంగ్లీషులో సగం, అందులోనూ తిట్లన్నీ, ఆ ఖైదీ ఆడవాళ్లు నేర్పినవే. మాడీ అనే పాత్ర ఒకటి ఉండేది. గుండుసూదితో అగ్గిపుల్లను నిలువునా నాలుగుగా చీల్చి నాలుగు సిగరెట్లు వెలిగించుకునేది. ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల జైలు బట్టలు మోసే చాకిరేవు బండిలో దాక్కుని పారిపోబోతుంటే వార్డెనుకు చెప్పి పట్టించింది ఆ మాడీయే. ఇక్కడ అలాంటిదాన్ని కుక్క అంటారు. హత్య చేసిన ఆడదానికైనా ఆ జైల్లో పక్కన చోటుంటుంది, కుక్కకు ఉండదు. మేం తొమ్మిదిమందిమీ పెట్టె వైపు చెయ్యి చూపించి మరీ మాడీని తిట్టేవాళ్లం.

అదే చెప్పాను నోలాకు.

"తిట్టావా? మంచిది," అంది. "ఆ తిట్లు తినాల్సింది నేను. ఆ కుక్కను నేనే."

ఆవులు ఇంకా పట్టాల మీదే ఉన్నాయి. ఆవిడ కిటికీలోంచి వాటిని చూస్తూ చెప్పింది, దుకాణం నుంచి ఏమేం తేవాలో చెబుతున్నంత మామూలుగా.

నోలా దుకాణాల్లో బట్టలు ఎత్తుకెళ్లి దొరికిపోయింది. ఏడాదిన్నర శిక్ష. ఆమె గదిలోనే గ్వెండా అని ఇంకొకతె. మొగుణ్ణి ఇస్త్రీపెట్టెతో కొట్టి వచ్చింది. జైల్లో ఎవరైనా నువ్వేం తప్పు చేశావంటే, 'వాడు చావలేదు' అని ఆ ఒక్క మాటే చెప్పేది. అగ్గిపుల్లను నాలుగుగా చీల్చేది ఈ గ్వెండా. ఒక చీలిక ఎప్పుడూ నోలాది.

నోలాకు నాలుగేళ్ల కూతురు. దాన్ని వేరే కుటుంబానికి ఇచ్చేస్తున్నామని కాగితం వచ్చింది. చేతికి పనికొచ్చే కబురేదైనా చెబితే ఆలోచిస్తానని వార్డెను అంది. నోలా చెప్పింది. చాకిరేవు బండి, దుప్పట్ల కింద దాక్కుని పారిపోబోయే పంతొమ్మిదేళ్ల పిల్ల, ఏ రోజు, ఎన్ని గంటలకు. ఆ పారిపోబోయిన పిల్లకు ఇంకో మూడేళ్లు శిక్ష పడింది. నోలా ఆరు వారాల్లో బయటికి వచ్చింది. బుద్ధిగా ఉన్నందుకు వదిలారని అందరూ అనుకున్నారు.

"బయటికొచ్చాక రెజ్ అని ఒకడు తగిలాడు. 'తాళాల వేళ' రాసేవాడు. గురువారం గురువారం పబ్బుకు తీసుకెళ్లి మాంసం, బంగాళాదుంపలు పెట్టించి జైలు కబుర్లు చెప్పించుకునేవాడు. ఆకలి మీద ఉన్నాను, అన్నీ చెప్పాను. ఇదీ చెప్పాను. నేనని కాదు, ఎవరో ఒకతె అని. వాడు పెన్సిలు పట్టుకుని, 'ఎలా ఉంటుంది ఆమె, కెమెరాకు దొరికేది ఒక్కటి చెప్పు' అన్నాడు. నా గురించి ఏం చెప్పినా నేను దొరికిపోతాను గదా. నోటికి గ్వెండా అగ్గిపుల్ల వచ్చేసింది."

"గ్వెండా అప్పటికి బయటికి వచ్చిందా?"

"వస్తే నీతో ఈ మాట ఎందుకు చెబుతాను."

మంగళవారం సాయంత్రం జైల్లో కూడా టీవీ పెట్టేవాళ్లు. డెబ్బైమంది ఆడవాళ్లు తమ జైలును తామే చూసుకుని నవ్వుకుంటూ కూర్చున్న గదిలో, తెర మీద మాడీ గుండుసూది తీసి అగ్గిపుల్ల చీల్చింది. డెబ్బై తలలూ గ్వెండా వైపు తిరిగాయి. మర్నాడు చాకిరేవులో దుప్పట్లు పిండే రోలర్లలో ఆమె కుడిచెయ్యి పెట్టారు. రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు.

"ఆమెకు తెలుసా, నువ్వని?"

"దానికి తెలిసింది సగం. 'నీ అగ్గిపుల్ల సంగతి మాటవరసకు చెప్పానే, ఆ రెజ్ వెధవ దాన్ని తీసుకెళ్లి ఎవరికో అతికించాడు' అని దాని దగ్గర ఏడ్చాను. నమ్మింది. నువ్వు కావాలని చేస్తావా అని నా వీపు నిమిరింది, ఆ చేత్తోనే. నలభై రెండేళ్లుగా నెలకోసారి ఈ రైలెక్కి వెళ్తున్నాను. టీ తాగుతాం. ఇంతకీ ఆ కుక్క ఎవరై ఉంటుందని ఇద్దరం ఊహిస్తుంటాం. నేనూ పేర్లు చెబుతాను. ఈమధ్య చచ్చిపోయినవాళ్ల పేర్లే చెబుతున్నాను, పాపం తక్కువని."

పాత ధారావాహికకు ఇప్పటికీ పిచ్చి అభిమానులున్నారు. వాళ్లలో ఎవరో తవ్వితీసి, మాడీ అంటే క్యాంపర్‌డౌన్‌లో ఉండే ఫలానా గ్వెండా అని ఇంటర్నెట్‌లో ఫొటోతో సహా పెట్టారు. గ్వెండాతో సొంత చెల్లెలే మాట మానేసింది. ఈ వసంతంలో కొత్తవాళ్లు దీన్ని మళ్లీ తీస్తున్నారని తెలిసినప్పుడు గ్వెండా అడిగింది ఒకే మాట: "నోలా, నువ్వెళ్లి చెప్పు. అగ్గిపుల్ల చీల్చినదాని తప్పు లేదని ఒక్క మాట పెట్టమను. ఎక్కడ మసి పూశారో అక్కడే కడగమను."

నోలా వెళ్లింది. కాలింగ్‌వుడ్‌లో అద్దాల గది, గోడ నిండా రంగు చీటీలు, టామ్సిన్ అని ముప్పై ఏళ్ల రచయిత్రి. రెండోసారి వెళ్లినప్పుడు నోలా నిజం మొత్తం చెప్పేసింది. పట్టించింది నేను, నా పేరే పెట్టుకోండి, నా మొహమే పెట్టుకోండి, గ్వెండా మాత్రం నిర్దోషి అని తెర మీద తేలాలి అంది. టామ్సిన్ కళ్లనీళ్లు పెట్టుకుని ఆమె చేతులు పట్టుకుందట.

"ఎందుకు చెప్పావు వాళ్లకు? గ్వెండాకే చెప్పొచ్చుగా."

"నా నోటితోనా? నీకేం, రైల్లో కూర్చుని చెబుతావు. టీవీ చెబితే అది దాని ఇంట్లో, నేను నా ఇంట్లో ఉంటాం. అది చూస్తుంది. చూశాక తలుపు తియ్యాలనుకుంటే తీస్తుంది, లేకపోతే లేదు. అంతవరకే నా ధైర్యం. చదువు. ముప్పై ఒకటో కాగితం అన్నారు."

అప్పుడు రైలు కదిలింది. నేను చదివాను.

జైల్లో ఇప్పుడు సిగరెట్లు లేవు గనక అగ్గిపుల్ల ఉండదేమో అనుకున్నాను. ఉంది. ప్రార్థన గదిలో కొవ్వొత్తుల పక్కనుంచి దొంగిలించిన అగ్గిపుల్లను కొత్త నాయిక గుండుసూదితో నాలుగుగా చీలుస్తుంది. చీలుస్తూనే పక్కమంచం ఆమెతో తన కూతురి గురించి చెబుతుంది. తర్వాతి దృశ్యంలో వార్డెను గదికి వెళ్లి పారిపోయే పిల్ల సంగతి చెప్పేస్తుంది. ఎందుకంటే ఆ పిల్లను బయట చంపడానికి ఎవరో కాచుకుని ఉన్నారు. పట్టించడమే ప్రాణం కాపాడడం. చెప్పడమే ధైర్యం.

"ఆగు," అంది నోలా. "కూతురు నాది. వార్డెను దగ్గరికి వెళ్లింది నేను. అగ్గిపుల్ల దాని చేతికి ఎలా వచ్చింది? గ్వెండా ఏది?"

అంచున పెన్సిలుతో ఎవరో రాసిన ముక్క ఉంది. చదవనా వద్దా అని చూశాను.

"చదవమంటే అన్నీ చదువు. నేనేం గాజుబొమ్మను కాను."

"'నోలానూ గ్వెండానూ ఒకరిగా కలిపాం. ఇద్దరైతే ప్రేక్షకుడు తికమకపడతాడు. అగ్గిపుల్ల లేకపోతే పాత అభిమానులు ఒప్పుకోరు.'"

మా అమ్మమ్మ ఊరికి వచ్చే తోలుబొమ్మలాట వాళ్లకు ఒక ఏడు వానలో బొమ్మలు తడిసి పాడయ్యాయి. విభీషణుడి బొమ్మనే కుంభకర్ణుడికీ వాడారు. అన్న రహస్యాలు మోసినవాడూ, అన్నకోసం చచ్చినవాడూ ఆ రాత్రి ఒకే మొహంతో ఆడారు. జనం ఏమీ అనలేదు, పాట బాగుంది గనక. ఇక్కడ బొమ్మల కరువు కూడా లేదు. బోలెడంత జాలితో కలిపారు. పాత రోజుల్లో రెజ్ మాంసం ముక్క పెట్టించి కథ పట్టుకుపోయాడు. అది దొంగతనమని ఇద్దరికీ తెలుసు. టామ్సిన్ కన్నీళ్లు పెట్టుకుని పట్టుకుపోయింది. ఆమెను తిట్టడానికి కూడా పట్టు దొరకదు.

"అయిపోయిందా?"

చివర్లో ఇంకో కాగితం ఉంది. మొదటి భాగం ముగిశాక నల్లటి తెర మీద పడే వాక్యం. అది చదవకుండా ఉండాల్సింది. కానీ ఆవిడ నా పెదాలనే చూస్తోంది.

"'నోరు విప్పే ధైర్యం చూపిన గ్వెండాకు, ప్రేమతో.'"

రైలు బిరెగర్రాలో ఆగి మళ్లీ బయలుదేరింది.

"పేరు నేనే ఇచ్చాను," అంది నోలా. "కడుగుతారని ఇచ్చాను. ఇన్నాళ్లూ అది ఉత్త కుక్క. ఇప్పుడు మెళ్లో పతకం వేసిన కుక్క."

"ఫోన్ చెయ్యి. పేరు తీసెయ్యమను."

"మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చని. చేశాననుకో. ఆ టామ్సిన్ ఏమంటుందో తెలుసా? 'నోలా, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు' అంటుంది. వాళ్లకి ఇది పూలదండ. మీరు వేసింది పాము అంటే వాళ్లకి అర్థం కాదు."

"అయితే గ్వెండాకు నువ్వే ముందు చెప్పు. తెర మీద చూడకముందే."

"ఏమని? వాళ్లు మళ్లీ నిన్నే కుక్కను చేశారని చెప్పనా? అయితే అసలు కుక్క సంగతేం చెప్పావు వాళ్లకి అంటుంది. అది మొద్దు కాదు పెద్దాయనా. ఒక దారం లాగితే మొత్తం ఊడొస్తుంది."

"ఊడి రానీ."

"నీ నోరు కాదుగా."

కొలాక్ వచ్చింది, వెళ్లింది. అక్కడ ఎక్కిన స్కూలు పిల్లలు వేడి వేడి చిప్స్ తింటుంటే బోగీ అంతా వెనిగర్ వాసన. నోలా కాగితాలు కవరులో పెట్టి, అద్దం తీసుకుని పెదాలు మళ్లీ దిద్దుకుంది. చెబుతుందనే అనుకున్నాను. చెప్పడానికి తయారయ్యే మనిషిలాగే ఉంది. కొండల గుంటల్లో సరస్సులు కనిపించడం మొదలయ్యాక లేచి నిలబడింది, కోటు బొత్తాలు పెట్టుకుంది.

క్యాంపర్‌డౌన్‌లో రైలు నెమ్మదించింది. కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూసింది. ఆమెతోపాటు నేనూ చూశాను. చక్రాల నడక బండి పట్టుకుని ఒక పొడుగాటి ముసలావిడ, కొత్త నీలం స్వెటరు, జుట్టుకు ఆ రోజే దుకాణంలో ఉంగరాలు తిప్పించుకున్నట్టుంది. ఒక్కో తలుపునూ వెతుకుతోంది. మంచి కబురు వస్తుందని తయారై వచ్చిన మనిషి.

నోలా వెనక్కి తిరిగి మరుగుదొడ్డిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. గ్వెండా నా తలుపు దగ్గరికే వచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఏమయ్యా, ఆకుపచ్చ కోటు వేసుకున్న పొట్టి ముసలిది ఉందా లోపల? నోరు మూయదు. ఒకసారి పక్కన కూర్చుంటే మరిచిపోలేవు."

ఆమె కుడిచెయ్యి బండి పిడి మీద ఉంది. రెండు వేళ్లు పిడిని పట్టుకోకుండా నిటారుగా ఉన్నాయి.

"లేదమ్మా," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఈ దేశంలో నలభై ఏళ్లు ఉంటే ఒకరిని పట్టివ్వడానికి నాలుక తిరగదు. అది మంచితనమని ఇక్కడ అందరూ అంటారు. ఆ క్షణాన నాకు అలా అనిపించలేదు.

"రైలు తప్పిపోయుంటుంది," అంది గ్వెండా నన్ను ఓదారుస్తున్నట్టు. "నలభై ఏళ్లలో ఒక్క నెల మానలేదు. ఈ రోజు అసలే మానదు." కండక్టర్ ఈల వేశాడు. ఆమె బండిని వెనక్కి తిప్పుకుని వెళ్లి బెంచీ మీద కూర్చుంది, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని.

ఊరు దాటాక గడియ తీసిన చప్పుడైంది. నోలా వచ్చి తన సీటులో కాకుండా తలుపు పక్కన నిలబడింది.

"ఏమంది?"

"రైలు తప్పిపోయుంటావంది."

"వెళ్లిపోయిందా?"

"బెంచీ మీద కూర్చుంది. తర్వాతి రైలు కోసం."

"అది సాయంత్రం గాని రాదు," అంది కోటు కాలరు పైకి లాక్కుంటూ. "ఆ బెంచీ మీద గాలి ఎక్కువ."

టెరాంగ్‌లో రైలు ఆగింది. తలుపు తెరుచుకోగానే దిగింది. నేనూ లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"నోలా, వెనక్కి రైలు ఐదింటికి ఉంది. ఒక్క స్టేషనేగా. పావుగంట."

కవరు చంకలో పెట్టుకుని, కాలపట్టిక బోర్డు ముందునుంచే నడిచింది. దాని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. గేటు దాటి, క్యాంపర్‌డౌన్‌కు వెళ్లే రోడ్డు వైపు కాకుండా, ఊళ్లోకి వెళ్లే రోడ్డు పట్టుకుని చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లిపోయింది.