కింది తోట కాఫీ

మావాళ్ళలో ఊపిరాగినా సరే, దున్నను కోసి సాగనంపేదాకా ఎవరూ పోయినట్టు కాదు, ఒంట్లో బాగాలేనట్టే. అలా పాలుంగన్‌కు రెండేళ్ళుగా ఒంట్లో బాగాలేదు. దక్షిణపు గదిలో నాలుగు దుప్పట్ల కింద పడుకుని ఉన్నాడు. భార్య రాబుంగ్ రోజూ తెల్లారగానే కాఫీ పట్టుకెళ్ళి తలాపున కూర్చుని ఊరి కబుర్లన్నీ చెబుతుంది.

ఏదో ఒక కాఫీ అయితే కుదరదు, పై తోటదే కావాలి. ఆ నాలుక అలాంటిది మరి. పెళ్ళికి పోయినా పరామర్శకు పోయినా ఒక్క గుక్క తాగి, అది ఏ గట్టు మీది గింజో చెప్పేసేవాడు. మొహమాటమన్నది ఎరగని మనిషి.

"పైన మంచులో గింజ పండాలంటే నెలలు పట్టుద్ది. చలికి నానీ నానీ తీపెక్కుద్ది. కింద ఎండకి గబగబా ఎర్రబడిపోద్ది, దానికి చేదు తప్ప ఏమొచ్చుద్ది?" అనేవాడు. రెండు తోటలూ ఒకే కొండ మీదివి, మధ్యన అరపూట నడక.

ఆయన లేచి తిరిగే రోజుల్లో ఓసారి రాబుంగ్ బద్ధకించి కింది తోట కాఫీ ఇచ్చింది. గ్లాసెడూ కిటికీలోంచి పారబోసి, "నన్ను చంపాలనుందా ఏంటి?" అన్నాడు. వారం రోజులు అదే తలుచుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

సాగనంపే రోజుకు మంచి మచ్చల దున్న కావాలని నిరుడు పై తోట అమ్మేశారు. కొన్నాయన కాఫీ చెట్లు కొట్టేసి క్యాబేజీ వేశాడు. ఇక మిగిలింది డబ్బాలో ఉన్నదే.

ఆడపడుచు తికూ వచ్చినప్పుడల్లా ఒకటే పోరు.

"ఎన్నాళ్ళిలా వదినా? దున్న తిని తిని కొవ్వెక్కిపోతోంది. మంచి రోజు చూడవేం?"

"డబ్బాలో మీ అన్నయ్య కాఫీ ఉందిగా. అయ్యాక చూద్దాంలే."

"పిడికెడు గింజలు ఎన్నాళ్ళు లాగుతావో నేనూ చూస్తాగా."

లాగింది. మొదట రెండు చెంచాలు, తర్వాత ఒకటి, చివరికి ఉత్త రంగునీళ్ళు. ఓ పొద్దున డబ్బా గీకినా ఏమీ రాలలేదు.

"కింది తోటది ఉందిగా అమ్మా," అంది కూతురు లెబాంగ్ మెల్లగా.

అదే కాచింది. "లెబాంగ్ నాన్నా, కాఫీ. పై తోటదే," అని అబద్ధమాడి తలాపున పెట్టింది. ఊరి కబుర్లేవీ చెప్పకుండా ఆయన మొహమే చూస్తూ కూర్చుంది.

గ్లాసులో ఆవిరి ఆగిపోయింది.

"తిట్టవేం? కిటికీ కూడా తీసే ఉంచాను," అంది. "ఒక్క మాట తిట్టు."

ఎండ గదిలోకి వచ్చింది. ఆమె చల్లారిన కాఫీ తీసుకుని తనే తాగేసింది. నిజంగానే చేదు.

బయటికి వచ్చి కూతురితో, "మీ అత్తకి కబురు పెట్టు. రోజు చూడమను," అంది.

"ఏమైందమ్మా?"

"మీ నాన్న పోయాడే," అని, రెండేళ్ళ తర్వాత అప్పుడు, గడపలో కూలబడి ఏడ్చింది.